కాయలు

మంచి శుక్రవారం మధ్యాన్నం
అయిదో మాట దగ్గర నా గొంతు పోయింది.
దప్పిక మాట అది.
నోరు తెరిస్తే గాలొచ్చింది, మాట రాలే.
ఇంకోసారి ఊపిరి బిగబట్టి లాగితే
రంపం కింద నాపరాయి అరిచినట్టు ఒక గీర.
అంతే.

జనం ఏడ్చినారు.
అయ్యగారు ఎంత బాగా చెప్పినాడో అనుకున్నారు.
ముందు వరసలో కొంగులు కండ్లకు పోయినాయి,
ఎవరో ‘స్తోత్రం’ అన్నారు.
కరుణ ఒక్కతే లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది.
నాకు నటన రాదని ఆమెకు తెలుసు.

ఇరవై రెండేండ్లు యర్రగుంట్ల క్వారీల పక్కన
రేకుల గుడిలో అరిచినా.
వాన పడితే వాన మీద గెలవాల,
రంపాలు తిరిగితే రంపాల మీద గెలవాల.
రాత్రి కూటాల్లో
పక్కూరి పాస్టరువి నాలుగు సౌండు పెట్టెలయితే
మావి ఆరు.
దేవునికి చెవుడని నాకెవరు చెప్పినారో!
మిరియాలు నమిలినా, కలకండ చప్పరించినా,
కరక్కాయ బుగ్గన పెట్టుకుని పెండ్లిండ్లు చేసినా.
గొంతు బొంగురుపోతే
‘అభిషేకం దిగింది’ అన్నారు.
నేనూ అట్లే అనుకున్నా.

కడప రిమ్స్‌లో ఫర్జానా డాక్టరు
ముక్కులోంచి సన్నని తీగ దించి
నా గొంతును తెర మీద నాకే చూపించింది.
తెల్లగా రెండు రెక్కలు,
రెండిటి మీదా ఎదురెదురుగా
జొన్నగింజంత బుడిపెలు.
‘ఇవేంటివమ్మా’ అన్నా, గుసగుసగా.
‘గుసగుస ఇంకా చేటు, అదీ వద్దు’ అనింది.
‘కాయలు.
పార పట్టినోళ్లకు చేతుల్లో కాస్తాయే, ఆ మాదిరే.
మీరు అరుపు పట్టినారు.’
ఆరు వారాలు మౌనం రాసిచ్చింది, చీటీ మీద.

పల్లెవెలుగు బస్సులో ఇంటికొస్తా
నా చేతులు చూసుకున్నా.
మెత్తగా ఉండాయి,
ఆదివారం ఆదివారం తలల మీద పెట్టే చేతులు.
నా సంఘంలో అరచేత కాయలు లేనోన్ని నేనొక్కన్నే.
నాకు గొంతులో కాసినాయిలే అని
నవ్వొచ్చింది, అదీ చప్పుడు లేకుండా.

కరుణ పలక కొనింది, బలపాల పెట్టె కొనింది.
‘చారులో ఉప్పు తక్కువ’ అని రాస్తే
చదవనట్టు తడిగుడ్డతో తుడిచేసింది.

ఆదివారం వాక్యం హెప్సిబా చదివింది,
ఓబులేసు కూతురు, ఇంటరు రెండో సంవత్సరం.
మైకు వద్దనింది, సిగ్గు.
నేను చివర్న, చెప్పులు విడిచే కాడ,
మొదటిసారి కూర్చున్నా.

ప్రార్థన నడుమ ఒక దగ్గు.
దానికి జవాబు మాదిరి ఆ మూల ఇంకోటి.
పొడి దగ్గు, రాతి మీద రాయి గీసినట్టు.
పాటలో
చరణం కొసకు పోలేక ఆగిపోయే మగోళ్ల గొంతులు
పల్లవి కాడ మళ్లీ కలుస్తాండాయి,
దారిలో కూర్చుని లేచినోళ్ల మాదిరి.
ఓబులేసు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని
భుజాలతో దగ్గుతాండాడు,
గుడిలో చప్పుడు కాకూడదని.
ఎన్నేండ్ల నుంచి ఇట్ల?
ఆరు పెట్టెలు నావి.
నాకేం వినపడుతుంది.

పలక మీద గీతలు గీసినా.
వాక్యం అయ్యేసరికి పదకొండు మంది.
ఆమెన్ లోపల పద్నాలుగు.

తిరిగి రిమ్స్‌కు పోయే దినం
ఓబులేసును ఎంటబెట్టుకున్నా.
‘నాకేమైంది అయ్యగారూ, దుమ్ము మాకు అలవాటే’ అని
బస్సు దిగేదాకా గొణిగినాడు, ఆయాసపడతా.
మూడు మెట్లెక్కి గోడ పట్టుకున్నాడు.

డాక్టరు మళ్లీ తీగ దించి చూసింది.
‘కరిగినాయి. ఇంక మాట్లాడొచ్చు, మెల్లగా.
ఏదన్నా ఒక మాట అనండి’ అనింది.

నలభై రెండు దినాలు దాచుకున్న గొంతు.
మొదటి మాట స్తోత్రం కావాలని
రాత్రే అనుకుని పెట్టుకున్నా.
వాకిలి అవతల, బెంచీ మీద, తువ్వాలు వెనక
భుజాలు ఎగిరెగిరి పడతాండాయి.

ఎవరిదో మాదిరి సన్నగా వచ్చింది గొంతు:
‘ఆయన రొమ్ము ఏ గదిలో చూస్తారమ్మా?’